కుడి చెవి కొలత

మా ఆవిడకు వినడమే ఉద్యోగం. చూపు లేని పిల్లల కోసం ఎవరో పాఠాలు చదివి రికార్డు చేస్తారు. అందులో ఫ్యాను హోరు, పేజీ చప్పుడు, చదివేవాడి గుటక, ఏదున్నా పట్టుకుని ఏ నిమిషంలో వచ్చిందో రాసివ్వాలి. లోపలి గదిలో నేను గొణుక్కున్నది వీధి గుమ్మం దగ్గర నిలబడి వినగల మనిషికి ఇంతకన్నా తగిన పనేముంది? స్టూడియోలో చెవులమ్మ అని పేరు పెట్టారు. ఆ చెవులంటే నాకు పెళ్లయినప్పటి నుంచీ భయమే.

పెద్ద హెడ్‌ఫోన్లు పర్మనెంటు వాళ్లకే ఇస్తారు. కొత్తగా చేరినవాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఆవిడ బస్టాండు పక్క కొట్లో చవకరకం ఇయర్‌ఫోన్లు కొంది. వాటితో మూడు సైజుల రబ్బరు తొడుగులు, సైజుకో జత, ఇచ్చారు. మధ్య సైజు పెడితే శబ్దం బ్రహ్మాండం, కానీ అరగంటకల్లా కుడి చెవి భగ్గుమనేది. చిన్నవి పెడితే చెవికి హాయి, కానీ సన్నటి హోరులేవీ అందేవి కావు. పెద్దవైతే అసలు దూరనే దూరవు.

"హాయిగా ఉంటే వినబడదు, వినబడితే నొప్పి. ఏం చెయ్యమంటారు?" అంది.

శుక్రవారం పరీక్ష. రెండు గంటల రికార్డింగులో తప్పులన్నీ పట్టుకుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికే.

నేను దర్జీని. బిగుతుగా ఉందంటే నా చెయ్యి కత్తెర మీదికి పోతుంది. గురువారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, మధ్య సైజు జతలో కుడి తొడుగు అంచు చుట్టూ నీటుగా కత్తిరించాను. పెద్ద ఉపకారం చేశాననుకుని ఈల కూడా వేశాను, బుద్ధిలేనివాణ్ణి.

సాయంత్రం చెవిలో పెట్టుకోగానే అది నిలవక ఊడొచ్చింది. ఆవిడ మొహం మారిపోయింది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

నా మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "కాస్త వదులు చేశాను."

"అది చొక్కా చంక కాదండీ," అంది. నాలుగు తిట్టినా బాగుండేది. నెమ్మదిగా చిన్న జత తొడుక్కుని, "సరేలెండి, ఎంత వినబడితే అంతే రాస్తాను," అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

శుక్రవారం పొద్దున నా కొట్లో ఒకాయనకు సగం కుట్టిన కోటు తొడిగి సూదులు గుచ్చుతున్నాను. రెండు భుజాలకూ విడివిడిగా కొలత తీయడం నా అలవాటు. ఆయన కుడి భుజం పావంగుళం దిగి ఉంది. ఎవరికైనా ఏదో ఒకటి దిగే ఉంటుంది. ఇన్నేళ్లలో రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

చేతిలో సూది అలాగే ఆగిపోయింది. మరి చెవులు? ఎడమ చెవి నొప్పి అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదే!

"ఒక్క నిమిషం," అని పరుగందుకున్నాను.

"అయ్యా, ఈ సూదులు!" అని కోటాయన వెనకనుంచి అరుస్తున్నాడు. టేపు మెళ్లో ఎగురుతుండగా నాలుగు వీధులు దాటి స్టూడియో మెట్లెక్కాను. ఆవిడ ఇంకా వరండాలోనే ఉంది.

"ఎడమకి మధ్య సైజు, కుడికి చిన్నది," అన్నాను రొప్పుతూ.

"జత కలవదు కదండీ."

"నీ చెవులే జత కలవవు. పెట్టి చూడు."

సంచిలోంచి మధ్య సైజు ఎడమ తొడుగు తీసి మార్చి పెట్టుకుంది. ఫోనులో ఏదో పాత పాఠం మోగించి కళ్లు మూసుకుంది. కాసేపటికి పెదవులు విచ్చుకున్నాయి. "ఇందులో గోడ గడియారం కూడా ఉందండీ. ఇన్నాళ్లూ వినబడలేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

కొట్టుకొచ్చి కోటాయనకు దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒకే గుండీ మూడుసార్లు కుట్టి మూడుసార్లు ఊడదీశాను. మధ్యాహ్నం ఆవిడ దాదాపు పరుగున వచ్చింది.

"వాళ్లు పెట్టిన తప్పులు పదిహేడు. నేను పద్దెనిమిది రాశాను! స్టూడియో పెద్దాయన రెండుసార్లు విన్నాడు. పద్దెనిమిదోది, చదివినాయన కడుపులో పేగులు అరిచాయి. సోమవారం నుంచి నేను పర్మనెంటు."

ఎగిరి గంతేశాను. కొట్లో ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

"పెద్ద హెడ్‌ఫోన్లు ఇస్తామన్నారు, వద్దన్నాను. ఇదిగో, మీరూ వినండి," అని ఫోనులో పాఠం మోగించి తనవి నా చెవుల్లో పెట్టింది. వాక్యం మొదలవబోయే ముందు ఎవరో ఊపిరి తీసుకున్నారు. నా పక్కనే ఉన్నట్టు విన్నాను. అంతలో ఎడమది జారి పడింది.

ఆవిడ తొడుగులన్నీ బల్ల మీద కుమ్మరించి నా చెవి పట్టుకుంది. "కదలకండి," అంటూ ఒక్కొక్కటే పెట్టి చూస్తోంది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో వాళ్లందరి కొలతలూ తీశాను. నా కొలత తీసిన మనిషి ఆ రోజుదాకా ఎవరూ లేరు.