ఎనిమిదో సూది

దర్జీ మాస్టారికి ముప్పై ఏళ్లుగా రెండే గొప్పలు. ఒకటి, తన పెద్ద కత్తెరను ఇంకొకరి చేతికి ఇవ్వకపోవడం. రెండు, ఒక్క సూది కూడా పోగొట్టుకోకపోవడం. "పెట్టెలో నలభై పెడితే నలభై ఉంటాయి. అదీ నా లెక్క," అని వచ్చినవాళ్లందరికీ వినిపించేవాడు. విన్నవాళ్లే మళ్లీ మళ్లీ వినేవారు. ఏం చేస్తారు పాపం, అప్పటికే వాళ్ల ఒంటి మీది గుడ్డకు సూదులు గుచ్చి ఉండేవి, పారిపోయే దారి లేదు.

మొదటి గొప్ప పోయి మూడు వారాలైంది. కుడి భుజం పట్టేసింది, చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. అంతవరకు కాజాలు కుట్టి, గుండీలు వేసిన భార్య, ఒకరోజు తనే కత్తెర తీసుకుని ఒక కోటు కత్తిరించింది. అది అతికినట్టు కుదిరింది. అదే ఆయన బాధ. కాస్త పాడుచేసి ఉంటే కంటినిండా నిద్రపోయేవాడు. పైగా ఆ కోటాయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "మాస్టారూ, ఈ మధ్య మీ పనితనం పెరిగింది సుమండీ!" అని మెచ్చుకుని పోయాడు. ఇంకో వారం ఇలాగే సాగితే కత్తిరించే బల్ల శాశ్వతంగా చేజారిపోతుందని మాస్టారికి బెంగ పట్టుకుంది. అందుకే భార్యను వెంటబెట్టుకుని ఫిజియోథెరపీకి వెళ్లాడు.

అక్కడి అమ్మాయి భుజమంతా వేళ్లతో నొక్కుతూ ఒకచోట ఆగింది. మాస్టారు కెవ్వుమన్నాడు.

"ఇక్కడ కండ ముడి కట్టింది. సన్న సూదులు గుచ్చితే వదులవుతుంది."

"మందు ఎక్కిస్తావా తల్లీ?"

"మందేమీ ఉండదు, ఉత్త సూదే. డ్రై నీడ్లింగ్ అంటారు."

"ఆక్యుపంక్చరేనా?"

"సూది అలాంటిదే గానీ పద్ధతి వేరు. వాళ్ల శాస్త్రానికి వాళ్ల చోట్లు ఉన్నాయి. నేను నొప్పి పెట్టే కండలోనే గుచ్చుతాను. గుచ్చినట్టే ఉండదు లెండి. కదలకండి, అంతే."

గుచ్చినట్టే ఉండదు, కదలకండి! ఈ రెండు ముక్కలూ తాను ఎన్ని వేలమందికి చెప్పాడో! ఇప్పుడు వినాల్సి వచ్చేసరికి ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. చొక్కా విప్పి, మడిచి, దిండు పక్కన పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. సూది దిగగానే కండ తనంతట తాను గిలగిల్లాడింది. ఆయన మాత్రం పైకే లెక్కపెట్టాడు. ఎనిమిది.

"పది నిమిషాలు అలాగే ఉండండి," అని ఆ అమ్మాయి పక్క తెర వెనక మోకాలి నొప్పి తాతగారి దగ్గరికి వెళ్లింది.

తిరిగొచ్చి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. మాస్టారు దిండులోంచే లెక్కపెట్టాడు. ఏడు.

"ఇంకోటి ఏదమ్మా?"

"అయిపోయాయండీ."

"ఎనిమిది గుచ్చావు!"

ఆమె సూదుల ఖాళీ తొడుగులు లెక్కచూసింది. ఎనిమిదే. పాపం, ముఖం పాలిపోయింది. దుప్పటి దులిపింది, మంచం కిందికి దూరింది. మోకాలి తాతగారు కూడా కుంటుకుంటూ వచ్చి నేలంతా వెతకసాగాడు, నొప్పి ఏమైందో ఏమో.

"లోపలికి పోయింది!" మాస్టారు లేచి కూర్చుని గగ్గోలు పెట్టాడు. "నాకు తెలుస్తోంది! ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇలా మెడలోకెక్కి, ఇలా నడినెత్తికి..." అంటూ సూది పోయిన దారంతా కుడిచేత్తో చూపించాడు.

ఆ కేకలకు బయట కూర్చున్న భార్య లోపలికి వచ్చింది. మంచం వైపు చూడలేదు, నేల వైపు చూడలేదు. నేరుగా చొక్కా అందుకుని, కాలరు మడత తిప్పి, సూది బయటికి లాగింది.

అప్పుడు మాస్టారికి లీలగా గుర్తొచ్చింది. భుజం అంచున సూది దురద పెట్టింది, ఎడమచెయ్యి దానంతటదే పోయింది. పీకిన సూదిని దుకాణంలో పెట్టినట్టే కాలరులో పెట్టింది.

"ఎవరైనా ఒంట్లో గుచ్చిన సూది తామే పీక్కుంటారా మాస్టారూ!" అని ఆ అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత భార్య వైపు తిరిగింది. "మీకెలా తెలిసిందండీ?"

"రోజూ తీసేదే కదమ్మా. చొక్కా ఉతికే ముందు నాలుగైదైనా ఉంటాయి. తీసి పెట్టెలో పెడతాను."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లైన దగ్గర్నుంచీ."

నలభై పెడితే నలభై! మాస్టారి రెండో గొప్ప కూడా పోయింది. అలా బిక్కమొహం వేసుకుని కూర్చుని ఉండగా ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

"మాస్టారూ, మీ కుడిచెయ్యి ఎక్కడుందో చూసుకోండి."

నెత్తి మీద ఉంది. ఇందాక దారి చూపిస్తూ పెట్టుకున్నది, దించడం మరిచిపోయాడు.

మర్నాడు దుకాణం తెరవగానే భార్య కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టి, తన కాజాల ముక్కాలిపీట వైపు వెళ్లబోయింది. మాస్టారు కత్తెర రెండుసార్లు ఆడించి చూశాడు. హాయిగా ఆడింది. తర్వాత దాన్ని తిప్పి, పిడి ఆమె వైపు పెట్టాడు.

"కోట్లు నువ్వు కత్తిరించు. కాజాలు నేను కుడతాను."

"కాజాలు మీకు రావు కదండీ."

"నేర్పించు."

ఆమె కత్తెర అందుకుంటూనే ఆయన కాలరులోంచి ఒక సూది తీసి పెట్టెలో వేసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన అది చూశాడు.