తడిపి చూసే మామ

మా మేనమామ తాండూరులో నాపబండల వ్యాపారి. ఏ బండనైనా నీళ్లు చల్లి చూసేవాడు. తడిస్తేనే అసలు రంగు, పగులు బయటపడతాయనేవాడు. తడిపి చూడకుండా ఆయన ఇంటికి తెచ్చుకున్నది మా అత్తనొక్కతెనే అని, అబద్ధాలకు పేరుపడ్డ నేను ఊరంతా చెప్పేవాణ్ని.

ఎనభైలలో వీడియో గేమ్ దుకాణం పెట్టాలని, చవకలో మంచి టీవీ ఎంచిపెట్టమని ఆయన్ని వికారాబాద్ తీసుకెళ్లాను. టీవీల దుకాణంలో మామ గ్లాసెడు నీళ్లడిగాడు. తాగుతాడనుకుంటే, వెలుగుతున్న తెర మీద చల్లాడు!

“ఏం పెద్దమనిషివయ్యా, దిమాగ్ ఖరాబైందా?” అని దుకాణదారు అరిచాడు. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో బయటికి జారుకుని, పోయే బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను.

“బయటున్న పిలగాడు నీ ఎంబడి వచ్చిండా?” అని దుకాణదారు మామను అడగడం నాకు వినబడింది.

మామ నన్ను చూశాడు. కండువాతో తెర తుడుస్తూ, “లేదు సేట్, ఎవలో నాకెర్కలేదు” అన్నాడు.

ఇన్ని అబద్ధాలాడానా, అంత మంచిది ఒక్కటీ ఆడలేకపోయాను.