మొదటి గుక్క

మొన్న ఓ రెస్టారెంటులో వెయిటరు సీసా బిరడా తీసి, నా గ్లాసులో రెండు చుక్కలు పోసి నిలబడ్డాడు. గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే పులుపు వాసన, దాని వెనకే తడిసిన గోనెసంచి వాసన. "ఇది పాడైంది, వేరేది తెండి" అన్నాను. నాతో వచ్చిన అతిథులు నా పరిజ్ఞానానికి మురిసిపోయారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఆ వాసన పట్టడం నాకు నేర్పింది సింహాచలం బాబాయ్. ఆయనకు నేను చేసిన అన్యాయం అతిథుల ముందు చెప్పుకునేది కాదు.

డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్‌లో ఓ కాంట్రాక్టు కంపెనీలో నాది ప్రొబేషన్ ఉద్యోగం. నాన్న టాటానగర్ రైల్వేలో ఫిట్టరు, మా ఇల్లు ఆ ఊళ్లోనే బర్మామైన్స్ పేటలో. ఫర్నేస్ పనులకు వచ్చే విదేశీ ఇంజనీర్లను బిష్టుపూర్‌లో ఓ హోటలుకు భోజనానికి తీసుకెళ్లడం నా పనుల్లో ఒకటి. మందు వాసనే ఎరగని ఇంట్లో పెరిగినవాణ్ణి, వైన్ జాబితా చేతికిస్తే చెమటలు పట్టాయి. అక్కడ బల్లల దగ్గర వడ్డన చూసే స్టివార్డు సింహాచలం మా శ్రీకాకుళం మనిషే, భుయ్యాడీహ్ బస్తీలో కాపురం. నా అవస్థ కనిపెట్టి, గ్లాసులు సర్దుతున్నట్టు వంగి తెలుగులో అందించాడు. "ఖరీదు సూడకు బాబూ. ఆళ్లు కోడి తింతన్నారు, తెల్లది సెప్పు. మూడో వరసలోది." ఆ తరవాత రెండేళ్లు ఆ బల్ల దగ్గర నేను ఒలకబోసిన దర్జా అంతా ఆయన చలవే.

ఓ మధ్యాహ్నం హోటలు ఖాళీగా ఉన్నప్పుడు అడిగాను. "పిలిచినోడికే ముందు రెండు చుక్కలెందుకు పోత్తారు బాబాయ్? మర్యాదకా?"

"మర్యాదేటి? తప్పుంటే ముందు మన నోటికి తగలాల. సుట్టాల నోటికి కాదు."

సీసాలన్నీ ఎండ కొట్టే స్టోరులో నిలబెడతారని, బిరడాలెండి సగం పులిసిపోతాయని, ఎన్నిసార్లు చెప్పినా మేనేజరు చెవిన పెట్టడని విసుక్కున్నాడు.

నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన నెలలో మా యజమాని స్వయంగా ముగ్గురు జర్మన్లను భోజనానికి పిలిచాడు. ఎర్ర వైన్ ఆయనే ఎంచాడు. బాబాయ్ పోసిన రెండు చుక్కలు గుటుక్కున మింగి "ఫస్ట్ క్లాస్" అన్నాడు. బాబాయ్ సీసా మూతి వాసన చూసి నా పక్కకు వంగాడు.

"పుల్లబడిపోనాది బాబూ. సాబుకి సెప్పు, మారుత్తాను."

"క్యా బోల్ రహా హై?" ఏమంటున్నాడని నన్ను అడిగాడు యజమాని.

"కుఛ్ నహీ సాబ్" ఏమీ లేదన్నాను. ఏదో ఊరి కబురని చెప్పేశాను.

పిరికితనం. దానికి వేరే పేరు లేదు. నా పర్మనెంటు కాగితం మీద ఆయన సంతకం పడాలి, ఆయన నాలుకకు రుచి తెలియదని అతిథుల ముందు ఎలా అనను? బాబాయ్ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అందరికీ పోశాడు. జర్మన్లలో పెద్దాయన ఒక గుక్క తాగి, గ్లాసు దూరంగా జరిపి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. యజమాని మొహం మాడిపోయింది. మేనేజరును పిలిపించి, వైన్‌కీ వెనిగర్‌కీ తేడా తెలియనివాణ్ణి ఎందుకు పెట్టుకున్నారని దులిపేశాడు. పాడైందని ముందే ఎందుకు చెప్పలేదని మేనేజరు బాబాయ్‌ని నిలదీశాడు. బాబాయ్ నా వైపు చూశాడు. నేను పళ్లెంలోకి చూశాను.

"గల్తీ హో గయీ, సాబ్" అని తప్పు తన మీదే వేసుకున్నాడు ఆయన.

వారం తిరక్కుండా బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. సిగ్గు చంపుకుని భుయ్యాడీహ్ వెళ్లాను. ఎప్పుడూ నువ్వు అనే మనిషి ఆ రోజు మీరు అన్నాడు.

"కూకోండి. మేనేజరుకి రెండు ముక్కలు రాసియ్యండి, నాను ముందే సెప్పినానని. ఆడు మల్లీ తీసుకోకపోయినా, ఇంకో హోటలోడికి సూపించుకుంటాను."

రాస్తానన్నాను. నా కాగితం చేతికొచ్చాక రాద్దామనుకున్నాను. వచ్చింది. రాస్తే యజమాని చెవిన పడుతుందని మళ్లీ ఆగాను. బాబాయ్ రెండోసారి అడగలేదు. సువర్ణరేఖ నది ఒడ్డున ఇసుక లారీలకు తట్టలు మోస్తున్నాడని విన్నాను. విని, ఆ దారిన వెళ్లడం మానేశాను.

ఆయన పోయి చాలాకాలమైంది. యజమానీ లేడు, మేనేజరూ లేడు. నేను భయపడవలసినవాళ్లు ఒక్కరూ మిగలని ఈ వయసులో ఆ రెండు ముక్కలు రాస్తున్నాను. చూసి ఆయనకు పని ఇచ్చేవాడెవడూ లేడని తెలిసే రాస్తున్నాను. వైన్ పాడైందని సింహాచలం ముందే చెప్పాడు. నాకే చెప్పాడు.