పంటు మీద అడిగిన మాట

మాస్టారు రాజమండ్రి జైల్లో ఖైదీలకి అక్షరాలు నేర్పి రిటైరయ్యారు. సొంత ఊరు అమలాపురం వచ్చేశాక కూడా ఆయనకి తీరిక దొరకలేదు. శిక్ష ముగిసినవాళ్ళు ఒక్కొక్కరే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. సొంత ఊరు వెళ్తే ఊరు రానివ్వదు. పని అడిగితే ఇన్నాళ్ళూ ఎక్కడున్నావంటారు. అలా వచ్చినవాళ్ళని మాస్టారు వరండాలో పడుకోబెట్టి, ఎక్కడో ఒకచోట పని చూసిపెట్టేవారు. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదని తెలిశాక, నమ్మకమున్నవాళ్ళని పోగుచేసి చిన్న సంఘం పెట్టారు. అందులో నేనొకదాన్ని. అప్పుడు నేను ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్ని.

బయటికొచ్చిన మనిషికంటే ముందు అతని ఊరికి నేను వెళ్ళాలి. అదీ నా వంతు పని. మగవాళ్ళు వెళ్తే మాట అరుగు మీదే తెగిపోతుందనీ, ఆడ టీచరైతే వంటింటిదాకా రానిస్తారనీ మాస్టారి ఆలోచన. చాలాసార్లు అది నిజమైంది. కొన్నిసార్లు ముఖం మీదే తలుపు వేశారు. ఒక ఊళ్ళో నాకు మజ్జిగిచ్చి, నేను తాగుతుండగా, "ఆడిని తీసుకొస్తే మిమ్మల్ని కూడా చూస్తా ఊరుకోమండి" అని ఎంతో మర్యాదగా చెప్పారు. గ్లాసు ఖాళీ చేసి వచ్చేశాను.

నేను మరిచిపోలేని మనిషి రాజోలు వైపు ఒక లంక ఊరివాడు. చుట్టూ గోదారి. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీద దాటాలి. సైకిళ్ళూ గేదెలూ కొబ్బరి బస్తాలూ మనుషులూ అన్నీ దాని మీదే. అతనికీ, పక్కింట్లోనే ఉండే పెదనాన్న కొడుక్కీ పొలం గట్టు మీద తగాదా వచ్చింది. మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న పారతో అన్నని కొట్టాడు. అన్న ఆ గట్టు మీదే పోయాడు. ఇతనికి యావజ్జీవం పడింది. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు.

జైల్లో వడ్రంగం నేర్చుకుని, తొంభైల చివర, పెద్ద తుఫాను వచ్చి వెళ్ళాక విడుదలయ్యాడు. కోనసీమంతా ఇళ్ళు మళ్ళీ నిలబెట్టుకుంటున్న రోజులవి. మాస్టారు అతన్ని రామచంద్రపురంలో తలుపులూ కిటికీలూ చేసే ఒక కొట్టులో పెట్టించారు. ఏదీ దాచకుండా యజమానికి చెప్పారు. "నాకు చేతిపని కావాలండి, చరిత్ర కాదు" అన్నాడట ఆయన.

మనిషి మాట్లాడేది తక్కువ. కొట్టు వెనకే పడక. చుట్టుపక్కల ఎవరైనా గొంతు పెంచితే చాలు, చేతిలో ఉన్న ఉలి కింద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. గొడవ తనదైనా కాకపోయినా సరే. ఆ చేతులు వెనక్కి వెళ్ళడం నేను ఒకసారి చూశాను.

ఊరు వెళ్తానని అతను ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు మాత్రం స్కూలు వదిలే వేళకి మాస్టారింటికి వచ్చి కూర్చున్నాడని కబురొస్తే వెళ్ళాను. వాళ్ళ అమ్మ జారిపడి తుంటి విరిగి మంచం పట్టిందట. లంక నుంచి వచ్చిన ఎవరో చెప్పారు.

"ఒక్కసారి చూసి వచ్చేస్తానండి. రాత్రి ఉండను" అన్నాడు.

చనిపోయిన అన్నకి ఒక కొడుకున్నాడు. తండ్రి పోయినప్పుడు చిన్నబడి పిల్లాడు. ఇప్పుడు మీసాలొచ్చిన మనిషి. "ఆడు రేవు దాటి వస్తే తిరిగి దాటడు" అని ఊళ్ళో నలుగురిలో అన్నాడని మాకు ముందే తెలుసు.

"ముందు నేను వెళ్ళి చూసొస్తానండి మాస్టారూ" అన్నాను.

రెండు ఇళ్ళకీ మధ్య ఒక తాటాకు దడి. నేను వెళ్ళేసరికి అన్న భార్య పొయ్యి దగ్గర ఉంది. నన్ను పీట వేసి కూర్చోమంది. అతని పేరెత్తగానే గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆయన పంపేడా మిమ్మల్ని?"

"లేదండి. సంఘం తరఫున నేనే వచ్చేను. వాళ్ళమ్మగారికి బాగోలేదని విన్నాం. ఆవిడకి ఎవరు చేస్తన్నారండి?"

"ఇంకెవరు చేస్తారు? నేనే."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"జాలనుకోకండి టీచరుగారూ. ఆవిడ కొడుకు నా బతుకు బుగ్గి చేసేడు. అలాగని దడి అవతల ముసలావిడ పస్తుంటే నాకు ముద్ద దిగొద్దూ? మావాడికి ఇది ఇష్టం లేదు. అయినా చేస్తన్నాను."

"ఆయన ఒక్కసారి వచ్చి చూసి వెళ్తానంటున్నాడండి."

పొయ్యిలో కొబ్బరి మట్ట చిటపటలాడింది. ఆవిడ దాన్ని లోపలికి నెట్టి అంది: "నేను తలుపేసుకుని లోపల కూర్చుంటాను. నా మటుకు అంతే. మావాడి సంగతి నేను చెప్పలేనండి. ఆరోజు పొలానికి చద్దన్నం పట్టుకెళ్ళింది వాడే. ముందు చూసింది వాడే."

నేను లేచి గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి మెల్లిగా అంది: "బుధవారం వాడు కొబ్బరికాయలేసుకుని అంబాజీపేట మార్కెట్టుకి వెళ్తాడు. పొద్దుగూకేదాకా రాడు."

బుధవారం బయల్దేరాం. మాస్టారు, నేను, అతను. రేవు దగ్గర బస్సు దిగేసరికి ఎండ ముదిరింది. పంటు మీద లంకవాళ్ళే ఎక్కువ. అతన్ని మొదట ఎవరూ పోల్చుకోలేదు. జుట్టు నెరిసింది, మనిషి సగమయ్యాడు. ఎరువు బస్తా మీద కూర్చున్న ఒక పెద్దాయన తేరిపార చూసి, లేచి అవతలి అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. పక్కనున్న ఆడవాళ్ళ చెవిలో ఏదో అన్నాడు. వాళ్ళూ వెళ్ళారు. తర్వాత ఇంకొందరు. చూస్తుండగానే మేం ముగ్గురం ఒక పక్కా, మిగతా జనమంతా మరో పక్కా అయ్యాం. పంటు అటువైపు ఒరిగింది.

"బరువంతా ఒక పక్కకి పోతంది, సర్దుకోండెహె!" అని పడవవాడు కేకేశాడు. ఒక్కరూ కదల్లేదు. మాస్టారు నా వైపు చూశారు. మేమిద్దరం వెళ్ళి జనంలో నిలబడితే బరువు ఇంకా పెరుగుతుంది. నిలబడకపోతే ఇలాగే వెళ్ళాలి. అతనే నెమ్మదిగా నడిచి, మధ్య బల్ల మీద ఒంటరిగా నిలబడ్డాడు. అప్పుడు జనం కాస్త వెనక్కి జరిగి అటూ ఇటూ సర్దుకున్నారు.

తాడు విప్పుతుండగా రేవు గట్టు మీద నుంచి సైకిలొకటి జోరుగా దిగింది. నడుపుతున్నవాడు దిగకుండానే బల్ల మీదకి ఎక్కించేశాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. సైకిలు వెనక గోనెపట్టాలో చుట్టిన కాయలు కొట్టే కత్తి.

"వాడేనండి" అన్నాడు అతను నాకు మాత్రమే వినపడేలా. "మా అన్న పోలికే."

అంబాజీపేటలో ఎవరో చెప్పి ఉంటారు. దిగిపోదామా అనుకునేలోపే పంటు రేవు వదిలేసింది. మాస్టారు ఆ ఇద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డారు.

"బాబూ, నా మాట విను..."

"మీరు తప్పుకోండి మాస్టారూ. మీతో నాకు పన్లేదు."

అతని చేతులు అప్పటికే వెనక్కి వెళ్ళిపోయాయి. పడవవాడు గెడ వెయ్యడం ఆపేశాడు. పంటు ప్రవాహానికి పక్కకి జరుగుతోంది. కుర్రాడి పట్టులో సైకిలు బెల్లు సన్నగా గణగణమంటూ ఉంది.

"మా నాన్న ఆఖర్న ఏవన్నాడు?"

అతను తలెత్తాడు.

"కోర్టులో నువ్వు నోరిప్పలేదు. నేనెళ్ళేసరికి ఆయనకి మాట లేదు. అక్కడున్నది నువ్వొక్కడివే. ఆయన ఏవన్నాడో చెప్పు."

అబద్ధం చెప్పమని నా మనసు మొత్తుకుంది. నీ పేరే పిలిచాడని వాడితో అను, ఆ ఒక్క మాటతో గట్టెక్కుతాం అని. అతనికి కూడా ఆ మాట తోచే ఉంటుంది.

"పడిపోయాక నాకేసి చెయ్యి చాపేడు. 'లేవదియ్యరా తమ్ముడూ' అన్నాడు."

"తీసేవా?"

"లేదు."

"ఎందుకని?"

"భయవేసింది. పారిపోయేను."

జనంలో ఒక ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుర్రాడు సైకిలు మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. ఆ చెయ్యి గోనెపట్టా మీదకి వెళ్ళింది. మాస్టారు కుర్రాడి భుజం పట్టుకున్నారు. నేను ఎప్పుడు వెళ్ళానో తెలీదు, నేనూ సైకిలు కడ్డీ పట్టుకుని ఉన్నాను. కుర్రాడు మమ్మల్ని విదిలించుకోలేదు. గోనెపట్టా మీద చెయ్యి అలాగే ఉంచి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి పడవవాడికేసి తిరిగి, "ఏంటి చూస్తన్నావ్? పోనియ్" అన్నాడు.

అవతలి ఒడ్డు తగిలాక అందరికంటే ముందు కుర్రాడే దిగాడు. దిగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "వెళ్ళి నాయనమ్మని చూడు. చీకటి పడకుండా రేవు దాటెయ్."

కుర్రాడు మాతో ఊళ్ళోకి రాలేదు. రేవు దగ్గరే సైకిలు పడుకోబెట్టి ఇసకలో కూర్చున్నాడు. మమ్మల్ని క్షేమంగా పంపడానికి కూర్చున్నాడో, తిరిగొచ్చేటప్పుడు చూసుకుందామని కూర్చున్నాడో తెలీక, ఆ పూటంతా నా ధ్యాస రేవు మీదే ఉంది.

ముసలావిడ కొడుకుని గొంతుతోనే పోల్చుకుంది. చూపు ఆనడం లేదు. అతను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే జుట్టు నిమరలేదు.

"ఎందుకొచ్చేవురా? నీ బదులు నాకు ఆ పిల్ల చేస్తంది. నన్ను చూసింది చాలు. ముందు దాని గుమ్మం ముందుకెళ్ళి నిలబడు."

అతను దడి దాటి వెళ్ళాడు. అన్నట్టుగానే తలుపు వేసి ఉంది. "వదినా" అని పిలవబోయి, ఆ మాట మింగేసి నిలబడ్డాడు. ఎండలో అలా ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి లోపల్నించి గొంతు వినపడింది.

"అక్కడ నిలబడి ఏం చేస్తావ్? అత్తయ్య మంచం నులక సాగిపోయింది. ఆవిడ నడుం గోతిలో పడిపోతంది. అది బిగించి వెళ్ళు."

ముసలావిడని నేనూ మాస్టారూ చాప మీదకి దించాం. అతను నులక విప్పి, పాదం మంచం పట్టెకి తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగి బిగించాడు. ఇంట్లో ఆ నులక కిర్రుమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

రేవు దగ్గరికి తిరిగి వచ్చేసరికి కుర్రాడు అక్కడే ఉన్నాడు. మేం పంటు ఎక్కాం. అది నడిగోదారికి వచ్చాక వాడు లేచి, సైకిలు లేపుకుని ఊళ్ళోకి నడిచాడు. అప్పుడు మాస్టారు బల్ల మీద కూలబడిపోయారు.

ఆ తర్వాత వానలు పడేదాకా అతను బుధవారం బుధవారం వెళ్ళి వచ్చేవాడు. మాలో ఎవరూ తోడు వెళ్ళనక్కర్లేకపోయింది. కుర్రాడు ఆ రోజు ఇంట్లో ఉండేవాడు కాడు. వానల్లో ముసలావిడ పోయినప్పుడు, కొరివి ఇతను పెట్టడానికి వీల్లేదని ఊరి పెద్దలు అడ్డుపడ్డారు. అప్పటికే శవాన్ని లేపే వేళైంది. కుర్రాడు అరుగు మీద నుంచి లేచి, "ఆవిడకి కొడుకున్నాడు కదా. కానియ్యండి" అన్నాడు. అని, తను మాత్రం శ్మశానానికి రాలేదు. పెద్దకర్మ అయ్యాక అతను రామచంద్రపురం వెళ్ళిపోయాడు. మళ్ళీ లంకలో అడుగు పెట్టలేదు. ఊరు వద్దందని కాదు. "వాళ్ళని రోజూ నా మొహం చూడమనకూడదండి" అన్నాడు.

మాస్టారి తర్వాత సంఘాన్ని మేం కొన్నేళ్ళు లాక్కొచ్చాం. కొత్తగా విడుదలైనవాళ్ళని కొట్టుకి పిలిచి అతనే పని నేర్పేవాడు. ఒకసారి నేను వెళ్ళేసరికి ద్రాక్షారామం వైపు నుంచి వచ్చిన ఒక మనిషి, ఊరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటానని అతని దగ్గర గోల పెడుతున్నాడు. అతను చెక్కకి చిత్రిక పడుతూనే విన్నాడు.

"చెప్పుకోడానికి అయితే వెళ్ళకు. వాళ్ళేదన్నా అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పగలనంటే వెళ్ళు."

ఆ మనిషి ఆ వారం వెళ్ళలేదు. మరుసటి నెల నన్ను ముందు వెళ్ళి చూసిరమ్మని అడిగాడు. నేను వెళ్ళాను.