సీసపు తూటాల భాస్కరం

మా భాస్కరం ఇక లేడన్న వార్త టెక్సాస్‌లోని ఇర్వింగ్ తెలుగువారిని నిశ్చేష్టులను చేసింది. నన్నయితే మూగవాణ్ణి చేసింది. గోరంతను కొండంత చేసి బతికిన నాలాంటివాడికి ఇంతకు మించిన శిక్ష లేదు.

వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శనివారం గరాజ్‌లో సాక్షాత్తు విశ్వకర్మ. సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, వేటకు సొంత తూటాలు చేసుకునేవాడు. ఆ సెగకు పక్కవీధి ఏసీలకు కూడా చెమటలు పట్టేవని నా ప్రగాఢ విశ్వాసం. తూటాలు గట్టిపడాలని మొదటిసారి వంటింటి అవెన్‌లోనే కాల్చి, చన్నీళ్ళలో ముంచాడు. భార్య సుజాత గుమ్మంలో నిలబడి, “నిన్ననే అందులో కేక్ చేశానండీ! ఇంక దాన్ని నేను ముట్టను. గరాజ్‌కి షిఫ్ట్ చేసుకోండి, మీరు కూడా!” అంది. అవెన్ వెళ్ళింది. అతనూ దాదాపు వెళ్ళినట్టే.

ఒక చలికాలం నేనూ వెంట వెళ్ళిన వేటలో అతని తూటా మరీ గట్టిదై, లోపల విచ్చుకోకుండా జింకను సూదిలా దూసుకుపోయింది. జింక పారిపోయింది.

“పోనీరా, ఇంకోటి దొరుకుతుంది” అన్నాను.

“అది నా దెబ్బతో తిరుగుతోందిరా!” అంటూ ముళ్ళపొదల్లో పడ్డాడు. నా లెక్కన సగం టెక్సాస్ గాలించాం. దొరికేసరికి అది ఇంకా ఊపిరి తీస్తోంది. మరో తూటాతో ముగించి, దాని పక్కనే కూలబడ్డాడు.

అటుపైన అతనిది ఒకటే తపస్సు. గట్టిపరచిన తూటాలను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, నీటి పైకి కనబడే మొనలకు మాత్రమే మంట చూపి మెత్తబరిచేవాడు. “మొన విచ్చుకోవాలి, అడుగు చెదరకూడదు. అప్పుడే ఆ ప్రాణి ఎక్కువసేపు బాధపడదు” అనేవాడు.

అంతటి దయాళువుకు విధి దయ చూపలేదు. మెదడులో నరం చిట్లి, ఆసుపత్రిలో యంత్రం ఊదే ఊపిరితో పడి ఉన్నాడు. ఇక మేల్కొనడని డాక్టర్లు తేల్చేశారు. ఫోన్లలో బంధువులు మాత్రం “ఇంకొన్నాళ్ళు చూడమ్మా, తొందరపడకు” అంటూనే ఉన్నారు.

సుజాత నావైపు తిరిగింది. “ఒక్క జింక విలవిల్లాడిందని ఈయన ఏళ్ళ తరబడి ఆ మంట ముందు కూర్చున్నారు అన్నయ్యా. ఈయన్ని ఇలా ఉంచమంటారా?”

ఆమే నర్సును పిలిచి, యంత్రం తీసేయమంది. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

వేటగాళ్ళు ఈ రాష్ట్రంలో కోకొల్లలు. తాను కొట్టిన దెబ్బ వెంట చివరిదాకా నడిచివెళ్ళినవాడు మాకు ఒక్కడే ఉండేవాడు. ఇందులో అతిశయోక్తి లేదు. మిత్రమా, నమస్సులు.