టాపెట్ల సప్పుడు

నాకు అక్షరాలు రాకముందే ఇంజన్ పని వచ్చు. అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. అందంగా చెప్పడం చేతకాదు, ఉన్నది చెబుతాను.

మేడ్చల్ డిపో దాటాక హైవే పక్కన నా షెడ్డు. మా అల్లుడు గ్యాసు మీద నడిచే పాత కారులో ఇక్కడి కాలనీ సారు ఒకాయనను రోజూ శామీర్‌పేటలో కంపెనీకి తీసుకెళ్లి తెచ్చేవాడు. రావల్‌కోల్‌లో నా బిడ్డ ఇల్లు గడిచేది ఆ ఒక్క కిరాయి మీదే.

ఒక పొద్దున ఇద్దరూ వచ్చారు. సారుది కోస్తా మాట.

"ఏవండీ, ఇది కారా, కుట్టుమిషనా? ఫోనులో మాట వినపడట్లేదు. ఇలాగే ఉంటే వేరే బండి చూసుకుంటానండి."

అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. "మామా, జర టాపెట్లు బిగియ్యి. సప్పుడు బంద్ గావాలె."

"సందు సరిగ్గనే ఉన్నది. గీ ఇంజన్ సప్పుడే గంత."

"సారు ఇంటడా గా ముచ్చట?"

"ఇనకుంటే చెవుల దూది పెట్టుకొమ్మను."

బిగిస్తే ఏమవుతుందో అల్లుడికి చెప్పాను. ఇంజన్ పైన క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరుగుతుంది. దానికి కోడిగుడ్డు ఆకారంలో బొడిపెలుంటాయి. బొడిపె కొస వచ్చి నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది, దాటిపోతే స్ప్రింగు మూసేస్తుంది. ఒక వాల్వు గాలిని లోపలికి తీసుకుంటుంది, ఒకటి పొగను బయటికి పంపుతుంది. పొగ వాల్వు బతుకంతా మంటలోనే. మూసుకొని కూర్చున్న ఆ కాసేపే అది చల్లబడేది. వేడికి ఇనుము సాగుతుంది కాబట్టి కడ్డీకి, వాల్వుకు నడుమ టాపెట్ల దగ్గర వెంట్రుకంత సందు ఉంచుతాం. టకటక ఆ సందుదే. సందు లేకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని చోటునుంచి మంట తన్ని అంచు కాలిపోతుంది.

అల్లుడు తల ఊపాడు. పోయి వేరే షెడ్డులో బిగించుకున్నాడు. మర్నాడు నా ముందే బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచాడు.

"ఇప్పుడు జెప్పు మామా, ఇనవస్తుందా?"

"ఇనవస్తలేదు. గదే నా భయం. మల్ల వదులు జెయ్యి."

"నా బండి మంచిగుంటే నువ్వు ఓర్వవు," అని వెళ్లిపోయాడు.

సారు సంతోషించాడు. కొన్నాళ్లు బాగానే గడిచింది. తరవాత బిడ్డ ఫోను. "బాపూ, బండి గుంజుతలేదంట. నీకు జెప్పొద్దన్నడు."

నేను పోయేలోపే శామీర్‌పేట దారిలో, సారు లోపల ఉండగానే ఆగిపోయింది. సారు ఇంకో కారెక్కి పోయాడు, మళ్లీ పిలవలేదు. ఇంజన్ విప్పితే పొగ వాల్వుల అంచులు ఎలుక కొరికిన రొట్టెలా ఉన్నాయి. అవి కూర్చునే చోటు కూడా పగిలింది. బాగుచేసేంత విలువ ఆ కారుకు లేదు. తుక్కుకు పోయింది. అల్లుడు తూకం దగ్గరికి రాలేదు.

ఇప్పుడతను అదే కాలనీ గేటు దగ్గర కావలి. సారు కరెంటు కారు కొన్నాడు. దానికి క్యామూ లేదు, వాల్వూ లేదు. నేను అన్నం డబ్బా ఇవ్వడానికి పోయిన రోజున అది వచ్చి గేటు ముందర నిలబడింది. అల్లుడు చూడలేదు. సారు హారన్ కొట్టి, అద్దం దించి నాలుగు మాటలన్నాడు. అల్లుడు పరుగెత్తి గేటు ఎత్తాడు.

తిరిగొచ్చి డబ్బా అందుకుంటూ అన్నాడు. "సప్పుడే జెయ్యదు మామా గది. వచ్చినట్టు ఎట్ల తెలవాలె?"