మా అత్తయ్య ప్రార్థన, నా రంగం ప్రయాణం

రంగంలో కాపురం చేసి వచ్చానంటే చాలు, మావైపు ఆడవాళ్ళు ముందు నా చేతులు చూస్తారు, ఆ తర్వాత మెడ చూస్తారు. పుస్తకాల్లో రంగూన్ అని రాస్తారు గానీ మాకు అది రంగమే. ఓడెక్కి అక్కడికి వెళ్ళినవాళ్ళంతా బంగారం మూటగట్టుకుని వస్తారని ఇక్కడ ఒక నమ్మకం. నా చేతులకేమో గాజు గాజులు, మెడలో పెళ్ళినాటి సన్న గొలుసు.

"అదేంటమ్మా, ఎలా వెళ్ళావో అలాగే వచ్చేశావు?" అని ఏలూరు స్టేషన్లోనే అడిగేసింది మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన మావారి మేనత్త.

"అలాగే ఏం కాదండీ, కాస్త ఒళ్ళు చేశాను" అన్నాను.

మావారు అక్కడ బియ్యపు మిల్లులో బస్తాలు తూచే దగ్గర గుమాస్తా. జీతం చిన్నది. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు, పొట్టి మనిషిని పొట్టి అన్నట్టు చెబుతున్నాను. ఆ జీతంలో మేమిద్దరం ఎలా బతికామో చెప్పమంటే నాకు పొద్దు తెలీదు. నూనె కొట్టు మీద ఒక చెక్కగది మాది. పక్క గదిలో ఎవరైనా దగ్గితే మా గోడకున్న అద్దం కదిలేది. మిల్లులో నూకలు చవగ్గా ఇచ్చేవారు కాబట్టి రోజూ మా అన్నం నూకలన్నమే. చీకటి పడబోయే ముందు బజారుకి వెళ్ళేదాన్ని. అప్పటికి వాడిపోయిన కూరలు తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేక బర్మా ఆడవాళ్ళు నా బుట్టలో పోసేసేవారు. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు, అయినా మేం ఆడుకున్న బేరాలు, నవ్వుకున్న నవ్వులు ఇన్నీ అన్నీ కావు. ఆయన పొద్దున మిల్లుకి ట్రాములో వెళ్ళి సాయంత్రం నడిచి వచ్చేవారు. ఆదివారం చర్చికి ఇద్దరం ఒకే గొడుగు కింద వెళ్ళేవాళ్ళం. ఇద్దరికీ చెరో భుజం తడిసేది.

అలా ఉండగా ఆయనకి సెలవు దొరికింది. కొల్లేటి లంకలో ఉన్న మా అత్తవారింటికి వచ్చాం. మామయ్యగారు ఆ లంకలో మిషను బడి పంతులు, సంఘానికి పెద్ద. ఇంటికి పెద్ద మాత్రం అత్తయ్యగారే.

ఇక్కడ మా ఇళ్ళల్లో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. దీపం పెట్టాక తుంగచాప మీద అందరం కూర్చుని ప్రార్థన చేసుకున్నాకే అన్నాలు. మామయ్యగారు వాక్యం చదువుతారు. ఆ తర్వాత రోజుకి ఒకరం కళ్ళు మూసుకుని పైకి వినబడేలా ప్రార్థిస్తాం. ప్రార్థించే మనిషికి ఎవరూ అడ్డు రాకూడదు, ఎందుకంటే అది దేవుడితో మాట. అందుకని ముఖం మీద అనలేనివన్నీ మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఆ వేళకే బయటికొస్తాయి. మా నాన్నయితే కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా దేవుడికే చెప్పుకునేవాడు. మా అమ్మ కళ్ళు మూసుకునే పళ్ళు కొరికేది.

వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం అత్తయ్యగారి వంతు వచ్చింది.

"ప్రభువా, నా కొడుకుని సముద్రం దాటించి క్షేమంగా తీసుకొచ్చావు, నీకు స్తోత్రం. వాడి జీతం ఏపాటిదో నీకు తెలుసు. అందులో ఇద్దరు తిని, గదికి అద్దె కట్టుకుంటే ఏం మిగులుతుంది తండ్రీ? మన లంకలో రంగం వెళ్ళిన మగాళ్ళంతా ఒంటిగానే వెళ్తున్నారు. ఇక్కడ ఇల్లుంది, తిండుంది. వాణ్ణి ఒక్కణ్ణే పంపించి తను ఇక్కడే ఉండేలాగా నా కోడలికి మంచి మనసు పుట్టించు తండ్రీ."

ఆయన ఈసారి ఓడెక్కితే మళ్ళీ సెలవు ఎన్నేళ్ళకి దొరుకుతుందో మిల్లు దొరకే తెలీదు. అందరూ ఆమేన్ అన్నారు. మావారు కూడా అన్నారు!

అన్నాలయ్యాక దోనె కట్టేసే చోట ఆయన్ని పట్టుకున్నాను.

"ఆమేన్ అనేశారేంటండీ?"

"అలవాటు కదా, నోటికొచ్చేసింది."

"మనసుకి కూడా వచ్చిందా?"

"ఛ, ఊరుకో. అమ్మకి ఎదురెలా చెప్పను? నువ్వే ఏదో ఒకటి చెప్పు. నీకు మాటలొచ్చు."

"ప్రార్థనలో అన్నదానికి బయట ఎలా జవాబు చెబుతామండీ?"

ఆయన తల గోక్కుని, "అయితే ప్రార్థనలోనే చెప్పు" అన్నారు.

అత్తయ్యగారు మంచివారు కారని కాదు. ఆవిడ చేతి కొర్రమీను పులుసు తింటే ఎవరూ ఆ ఇల్లు వదలరు. కానీ నాకు ఆ చెక్కగది మీద బెంగ పట్టుకుంది. అది అత్తయ్యగారికి తెలిస్తే నన్ను వెళ్ళనిస్తారనుకున్నాను.

మర్నాడు నా వంతు. చదివింది ఐదో తరగతే అయినా నా నోటికి అడ్డం ఏముంది? మా గదికి స్తోత్రం చెప్పాను, నూకలకి స్తోత్రం చెప్పాను, కూరల బజారుకి స్తోత్రం చెప్పాను. చెబుతుంటే సంతోషమొచ్చి ఎక్కడ ఆపాలో తెలీలేదు.

"వాన పడితే కప్పు కారే చోట ఆయన చెంబు పెడతారు, నేను గిన్నె పెడతాను, దానికి నీకు స్తోత్రం తండ్రీ. నేను అన్నం వారుస్తుంటే ఆయన పచ్చడి నూరతారు, దానికీ..."

అత్తయ్యగారు దగ్గారు. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

"ప్రభువుకి అన్నీ తెలుసులే అమ్మాయ్" అన్నారు ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "అన్నం చల్లారిపోతోంది. ముగించు."

ఆ ఇంట్లో ప్రార్థనకి ఒకరు అడ్డు రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

పొద్దున్నే ఆవిడ పెరట్లో బూడిద పోసి చేపలు తోముతున్నారు. నేను నీళ్ళు పోస్తున్నాను.

"నా కొడుకు చేత పచ్చడి నూరిస్తున్నావా?"

"నేను నూరించట్లేదండీ. నా చేతులు మండుతాయని ఆయనే నూరతారు."

"ఇక్కడ మంచినీళ్ళ గ్లాసు కూడా తీసుకుని ఎరగడు వాడు."

"అక్కడ ఎక్కడ కూర్చున్నా గ్లాసు చేతికందుతుందండీ. గది అంతే ఉంటుంది."

ఆవిడకి నవ్వొచ్చినట్టే ఉంది. తల వంచుకున్నారు. ఇంతలో దడి అవతలి నుంచి పక్కింటావిడ అందుకుంది.

"ఏం వదినా, మీవాడు రంగం వెళ్ళి వంటపని నేర్చుకొచ్చాడా? మా ఇంట్లో వచ్చే వారం పెళ్ళిచూపులు, కాస్త పంపిస్తావేంటి?"

అంతే, అత్తయ్యగారి ముఖం మారిపోయింది. ఇక ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం వంతు మామయ్యగారిదైతే తానే అడిగి తీసుకుని, కొడుకుని మగాడిలా నిలబెట్టమనీ, కోడలు ఇక్కడే ఉండి పెద్దల దగ్గర పద్ధతులు నేర్చుకునేలా చెయ్యమనీ దేవుడికి గట్టిగానే చెప్పారు. నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను. ఆయన చొక్కాలు ఒకవైపు, నా చీరలు ఒకవైపు మడతపెట్టడం మొదలెట్టాను. ఓడ నాటికి ఆయన్ని సాగనంపుతూ తాడేపల్లిగూడెం దాకా వచ్చి, అక్కడ పుట్టింట్లో దిగిపోయి నాలుగు రోజులు ఏడ్చి వెళ్తానని అమ్మకి కబురు కూడా పంపేశాను.

తర్వాతి సాయంత్రం మావారి వంతు. ఆయన వంతు వస్తే అందరికీ ఆకలి తీరినట్టే. నోటికొచ్చిన ప్రభువు ప్రార్థన ఒక్కటే గబగబా అప్పజెప్పేసి ఆమేన్ అంటారు. ఆ రోజు ఎంతసేపటికీ నోరు విప్పలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"ప్రభువా" అన్నారు చివరికి. "రంగంలో మొదట్లో నేను ఒక్కణ్ణే ఉన్నాను. అప్పుడు నాకు జ్వరం వచ్చింది. పక్క గదులవాళ్ళు పన్లోకి పోతే సాయంత్రం దాకా ఎవరూ ఉండరు. మంచినీళ్ళ కుండ గది అవతలి మూల ఉంటే అక్కడికి పాక్కుంటూ వెళ్ళాను. ఇంటికి మాత్రం బాగున్నానని కబురు పంపాను. అబద్ధమాడినందుకు క్షమించు."

చాప మీద ఆయన సర్దుకుని కూర్చున్న చప్పుడైంది.

"ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా ఏమీ మిగల్లేదు తండ్రీ. ఆ గదికి పోబుద్ధి కాక రాత్రిదాకా ఊరంతా తిరిగేవాణ్ణి. తిరిగితే ఖర్చవుతుంది కదా. ఇప్పుడు మిల్లు వదలగానే తిన్నగా ఇంటికెళ్తున్నాను."

నేను కూడా ఎరగను ఆ జ్వరం సంగతి. కళ్ళు తెరిచేసరికి అత్తయ్యగారు లేచి నిలబడి ఉన్నారు. ప్రార్థన మధ్యలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. మూతలూ గిన్నెలూ చప్పుడయ్యాయి. మావారికి ఎలా ముగించాలో తెలీలేదు. మామయ్యగారు ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసి, తానే ఆమేన్ అనేశారు.

మగవాళ్ళు అన్నాలకి కూర్చున్నారు. అత్తయ్యగారు ఆయనకి చేపముక్కలు వేసి, మళ్ళీ వేశారు. ఆయన వద్దన్నా వినలేదు. తర్వాత అత్తాకోడళ్ళం తినడానికి కూర్చున్నప్పుడు నా కంచంలో వడ్డిస్తూ, నా వైపు చూడకుండా అడిగారు.

"వాడికి జ్వరమొస్తే అక్కడ ఏం పెడతావు?"

"నూకల జావ కాస్తానండీ."

"మిరియాలు వేస్తావా?"

"లేదండీ."

"వెయ్యాలి. చిన్నప్పట్నుంచీ మిరియం ఘాటు తగలందే గుటక వెయ్యడు. కచ్చాపచ్చాగా దంచి, దింపే ముందు వెయ్యి. మూట కట్టిస్తాను, పట్టుకెళ్ళు."

వెళ్ళమని అంతకంటే ఏమీ అనలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, అడగాల్సిన అవసరమూ కనబడలేదు. నా గ్లాసులో నీళ్ళు కూడా ఆవిడే పోశారు.

ఏలూరులో రైలెక్కాం, కాకినాడలో ఓడ అందుకోవాలి. తాడేపల్లిగూడెంలో బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద మా అమ్మ, నా మూటలు మోయడానికి సిద్ధంగా కొంగు బిగించుకుని ఉంది.

"ఇంకా కూర్చున్నావేంటే, దిగు. బండి ఎంతోసేపు ఆగదు."

"దిగనమ్మా. నేనూ వెళ్తున్నాను."

అమ్మ నోరు తెరిచి అలాగే నిలబడింది. నా పాత కబురు నమ్ముకుని వచ్చిందాయె. "మరి ఇంట్లో వండిందంతా ఎవరు తింటారే?" అని ముందు కోప్పడింది. ఆ తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి నా బుగ్గ నిమిరింది. గార్డు ఈల వేశాడు. అమ్మ గబగబా అల్లుడి వైపు తిరిగింది.

"దీనికి వాగుడెక్కువ బాబూ. ఆ చిన్నగదిలో ఎలా వేగుతున్నారో ఏమో."

"ఆ గదికి ఆ చప్పుడు కావాలండీ" అన్నారు ఆయన. బండి కదిలింది.